ఆగగలిగినవాడు

“బస్సు ఎక్కాం అన్నయ్యా, గంటలో దిగుతాం,” అని చెల్లెలు ఫోన్ పెట్టేసింది. అతను ఫోన్ బల్ల మీద బోర్లించి, టీ గిన్నె కడుగుదామని లేచి, కుళాయి తిప్పి, గిన్నె సగం నిండాక గాని ఆ మాట చివర ఉన్నది అతని చెవిని తాకలేదు. ఎక్కాం. ఎక్కాను కాదు. ఇన్నేళ్ళుగా ఆమె ఎప్పుడొచ్చినా ఎక్కాను అంది, దిగాను అంది, వెళ్ళొస్తాను అంది. ఇవాళ ఒక్క సున్న వచ్చి మాట చివర కూర్చుంది, దానితోపాటు బస్సులో ఆమె పక్కన ఇంకో మనిషి వచ్చి కూర్చుంది. బావ కాడు, బావకి ఆదివారాలు కూడా డ్యూటీయే. ఇంకెవరున్నారు ఆమెకి వెంటబెట్టుకు రావడానికి? గిన్నె నిండి, నీళ్ళు పొర్లి, మణికట్టు మీదుగా సింకులోకి పోతున్నాయి. పిల్ల. మేనకోడలు. ఫోన్ తెరలో పళ్ళూడిపోయి, మళ్ళీ మొలిచి, రెండు జడలు కాస్తా ఒక జడై, “మామయ్యా, నీ వెనక గోడ ఎప్పుడూ అదేనా?” అని వెక్కిరించే పిల్ల. అది పుట్టినప్పుడు ఆసుపత్రి వసారాలో అద్దానికి ఇవతల నిలబడి చూశాడు. నర్సు తలుపు తీసి, “మేనమామేనా? రండి, ఎత్తుకుందురుగాని” అంటే, “జలుబు చేసిందండీ” అని మెట్లు దిగిపోయాడు. ఆ జలుబు ఇప్పటిదాకా తగ్గలేదు. పుట్టినరోజులకి జలుబు, వాళ్ళు ఇల్లు మారినప్పుడు జలుబు, పిల్ల కాలు విరిగినప్పుడు జలుబు. చెల్లెలు ప్రతిసారీ “అయ్యో, మందు వేసుకో” అందే గాని, ఏం జలుబయ్యా ఇది అని ఒక్కనాడూ నిలదీయలేదు. నిలదీయక్కర్లేదు. ఆమెకి తెలుసు.

తెలిసే తీసుకొస్తోంది. కుళాయి కట్టేసి తడి చేతులు తువ్వాలుకి తుడుచుకుని, తుడుచుకున్న చేతుల్నే చూశాడు. మామూలు చేతులు. గోళ్ళ సందుల్లో మోటారు గ్రీజు, బొటనవేలి మీద వాల్వు గీరిన మచ్చ. అది మొదట ఇక్కడికే వస్తుంది, అరచేతిలో బొటనవేలి మొదలు దగ్గరికి, తిమ్మిరెక్కిన కాలు మళ్ళీ తెలివిలోకి వస్తున్నప్పటి చిమచిమలాగా. తరవాత ఎదటి మనిషి మెడ తప్ప ఇంకేమీ కనిపించదు. కోపం ఉండదు. అదే ఎవరికీ చెప్పుకోలేనిది. కోపం అంటే జనానికి అర్థమవుతుంది, పగ అంటే అర్థమవుతుంది. తనకి ఏ అపకారమూ చెయ్యని మనిషి, టిక్కెట్టు తీసుకుని బుద్ధిగా కిటికీలోంచి చూస్తున్న మనిషి, ఆ మనిషి మెడ చుట్టూ తన చేతులు ఇమిడిపోతాయని, ఇమిడితే గాని తనకి ఊపిరాడదని ఒంట్లో ఎక్కడో ఎవరో చెబుతూ ఉంటారు. కాసేపుంటుంది, పోతుంది. రావడానికీ పోవడానికీ మధ్య తను మనిషిగా ఉండాలి, అంతే పని. అందుకే బస్సులో డ్రైవరు అద్దం వెనక మొట్టమొదటి సీటు, దొరక్కపోతే దిగి నడక. సినిమాకి వెళితే మొదటి వరుస. తల ఎత్తి చూసి చూసి తన మెడ పట్టేస్తుంది. పోన్లే, పట్టేస్తే తన మెడే కదా అని ఒకసారి చీకట్లో ఒక్కడే నవ్వుకున్నాడు, పక్క సీటు ఆయన తెర మీద ఏం జోకు తప్పిపోయిందా అని వెతుక్కున్నాడు.

కుర్చీలు రెండే ఉన్నాయి. పంపు గదిలోంచి ఇనప స్టూలు తెచ్చి తుడిచాడు. తుడుస్తుంటే పాత ఇంట్లో గచ్చు గుర్తొచ్చింది, ఎండాకాలం మధ్యాహ్నాలు అమ్మ తడిగుడ్డతో తుడిస్తే చల్లగా ఉండే గచ్చు, దాని మీద చాప, చాప మీద అటు తిరిగి పడుకున్న చెల్లెలు. దాని మెడ మీద చెమట, చెమటకి అంటుకున్న వెంట్రుకలు. అంతకుముందు పిల్లి పిల్లని ఒళ్ళో పెట్టుకున్నప్పుడు చిమచిమలాడింది గాని అది ఏమిటో అతనికి తెలియలేదు, అందరికీ ఉంటుందనుకున్నాడు, తుమ్ములాగా. ఆ మధ్యాహ్నం తెలిసింది. చేతులు వెళ్ళాయి. వెళ్ళి ఆ మెడ చుట్టూ ఆనాయి, నొక్కలేదు. కింద ఏదో టిక్కు టిక్కుమని కొట్టుకుంటోంది, ఆ చప్పుడు వేళ్ళలోంచి పైకి తన దాకా ఎక్కుతోంది, లోకంలో అంత హాయైనది ఇంకోటి లేదు. తరవాత తీసేశాడు. ఎందుకు తీశాడో ఇప్పటికీ అతనికి తెలియదు. అంట్లు తోముతున్న అమ్మ తడి చేతులతో గుమ్మంలో నిలబడి ఉందన్న సంగతి తీసేశాక గాని చూడలేదు. చూసి తీయలేదు. తీసి చూశాడు. ఆ రెండింటి వరస తప్పుగా గుర్తుందేమోనని ఎన్నిసార్లో తిప్పి తిప్పి చూసుకున్నాడు. లేదు, ముందు తీశాడు. అమ్మ కేకలు పెట్టలేదు. “వెళ్ళి మొహం కడుక్కో,” అంది, అంతే. ఆ రోజు నుంచి అన్నం దగ్గరా చాప మీదా అమ్మ వాళ్ళిద్దరి మధ్యనే ఉండేది, పోయేదాకా ఆ సంగతి మీద పెదవి విప్పలేదు. తిడితే బాగుండేది. తిట్టడం అంటే నీకు చెప్పి లాభం ఉంది అని ఒప్పుకోవడమే కదా.

అమ్మ పోయాక ఇల్లు ఖాళీ చేస్తూ, గ్లాసులకి కాగితాలు చుడుతూ చుడుతూ, చెల్లెలు తల ఎత్తకుండానే అంది, “ఆ మధ్యాహ్నం నేను మేలుకునే ఉన్నాన్రా అన్నయ్యా. నాకు భయం వెయ్యలేదు. నువ్వు తీసేశావు కదా.” ఆ మాట ఆమె ఓదార్పుగానే అంది. అతనికి మాత్రం కాళ్ళ కింద నేల జారిపోయింది. అమ్మ ఒక్కర్తే చూసిందనుకున్నది అమ్మతో పోయిందనుకున్నాడు. తరవాతి నెలలో ఊరికి దూరంగా ఈ నీళ్ళ పంపుల దగ్గర ఆపరేటరు ఉద్యోగం ఖాళీగా ఉందంటే, పక్కనే ఒంటి గది క్వార్టరు ఇస్తారంటే, ఎవరూ రామన్న చోటికి ఎగిరి గంతేసి వచ్చాడు. రెండు పెద్ద మోటార్లు, గోడ మీద గేజీలు, కిటికీలోంచి ట్యాంకు. మాట్లాడేది మోటార్లే, అవీ ఒకే మాట. షిఫ్టు మారేటప్పుడు రెండో ఆపరేటరు తాళాల గుత్తి కొక్కేనికి తగిలించి, “ఏం లేదుగా?” అంటాడు, ఇతను “ఏం లేదు” అంటాడు, ఒక్కోసారి వారం మొత్తానికి ఇతను మనిషితో ఆడిన మాటలు అవే. అయినా ఇష్టమే ఈ పని. వాల్వు తిప్పితే ఊరంతటికీ నీళ్ళు వెళతాయి, తనకి మొహం కూడా తెలియని వాళ్ళ గొంతులన్నిటిలోకి తన చేతి మీదుగా నీళ్ళు దిగుతాయి. అది తలుచుకుని కొన్ని సాయంత్రాలు అతను ఊరికే వాల్వు మీద చెయ్యి వేసుకుని నిలబడతాడు.

ఇప్పుడు బస్సు ఎక్కడి దాకా వచ్చి ఉంటుంది. ఫోన్ చేసి జ్వరమని చెబితే? జలుబు ముదిరి జ్వరమైందని. ఫోన్ తీశాడు, పేరు దాకా వెళ్ళాడు, మళ్ళీ బోర్లించాడు. ఫోన్ పక్కన ఆమె పంపిన పాత ల్యాప్‌టాప్, దాని మూత మీద పిల్ల అంటించిన నక్షత్రాల స్టిక్కర్లు. చెల్లెలు కంప్యూటర్ ఆటల కంపెనీలో పని చేస్తుంది, ఆటలకి కథ, అందులో మనుషులు మాట్లాడే మాటలు రాస్తుంది. “ఇది విడుదలయ్యే ముందు నువ్వు ఆడాలి,” అంది. “ఎందుకో నీకు చెప్పక్కర్లేదు.” అతనికి ఆటలు చేతకావు, ఆటలో మొదటి ఊళ్ళోనే ఒకే గోతిలో పడి పడి, ఆఖరికి ఆ గొయ్యి మీద అభిమానం పుట్టుకొచ్చింది. గొయ్యి దాటాక మసివాడు వచ్చాడు. కొలిమిలో పుట్టించారు వాణ్ణి, పుట్టించినవాళ్ళే వాడి రక్తంలో చంపాలనే ఆకలి పోశారు. చంపిన తరవాత కాసేపు వాడికి లోపల మోత ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. ఆటంతా వాణ్ణి తరుముతూ పోవడమే. చివర కొండ మీద వాడు మోకాళ్ళ మీద కూలబడి అడుగుతాడు: “ఆకలితో పుట్టించి, తిన్నందుకు చంపుతారా?” తెర మీద రెండు బటన్లు. చంపు. క్షమించు. చంపితే తెర నల్లబడి ఊరుకుంటుంది. క్షమిస్తే వాన పడుతుంది, సంగీతం వస్తుంది, మసివాడు లోయలోకి నడుచుకుంటూ పోతాడు, మసి కడుక్కుపోయి కింద మనిషి మొహం కనిపిస్తుంది. అతను మొదటిసారి క్షమించు నొక్కి, ఆ వాన చూస్తూ, ముక్కు చీదుకుంటూ ఏడ్చాడు. ఇది తన కోసం రాసింది. తనని వానలో నిలబెట్టి కడిగింది, ఆ చాప మీది పిల్ల.

అలాంటి ఏడుపు అంతకు ముందు ఒక్కసారే ఏడ్చాడు, డాక్టరు దగ్గర. అమ్మ పోకముందు సంగతి. డాక్టరు మంచివాడు, అన్నీ విని పెన్ను మూతపెట్టి, “కొందరు పుట్టుకతోనే ఇలా ఉంటారండీ, మీ తప్పేమీ లేదు, ముందు ఆ బరువు దించెయ్యండి,” అన్నాడు. ఆ రోజు మెట్లు దిగుతుంటే కాళ్ళు నేలకి ఆనలేదు. పార్కు బెంచీ మీద కూర్చుని బిస్కెట్టు పొట్లం మొత్తం తిన్నాడు. తిరుగు బస్సులో, మనుషులందరిలాగే, మధ్య సీట్లో కూర్చున్నాడు. ముందు సీట్లో ఎవరో గుమాస్తా కాబోలు, ఒళ్ళో క్యారేజీ పెట్టుకుని నిద్రపోతున్నాడు, తల ముందుకు వాలి మెడ వెనక ఎముక తేలింది. వచ్చింది. వచ్చినప్పుడల్లా లోపల ఒక గోడకి వీపు ఆనించి నిలబడడం అతనికి అలవాటు. చేస్తే నువ్వు చేసినట్టే, ఇంకెవరూ కాదు, అదీ ఆ గోడ. ఆ వేళ వీపు వెనక్కి ఆనిస్తే గోడ లేదు. అక్కడ డాక్టరు మాట ఉంది, తలుపులాగా తెరుచుకుని. మీ తప్పేమీ లేదు. చెయ్యి ముందుకి పోతుంటే ఆ మాట దాన్ని ఆపకపోగా, వెనక నుంచి మెల్లిగా నెట్టింది. ఎలా లేచాడో, ఆ స్టాపు ఏదో కూడా చూడకుండా దిగి, చెమటలు కక్కుతూ ఇంటికి నడిచాడు. డాక్టరిచ్చిన మాత్రలు మానలేదు, అవి దాని జోరు కాస్త తగ్గించాయి. ఆ మాట మాత్రం ఆ స్టాపులోనే వదిలేసి వచ్చాడు. నా తప్పు కాదన్నది తీసేస్తే గాని, నేను చెయ్యలేదన్నది నిలబడదు.

అందుకే చెల్లెలి ఆట రెండోసారి ఆడాడు. ఈసారి ఏడవకుండా, గేజీ చూసినట్టు చూస్తూ ఆడాడు. ఆట సగంలో, బజారు వీధిలో, దీపాలమ్మే ఆవిడ కొట్టు కట్టేస్తూ ఉంటుంది. మసివాడు పక్క కొట్టు గుడ్డ పందిరి చాటున ఉంటాడు, వేళ్ళు వణుకుతుంటాయి, మోత మొదలైంది వాడికి. మలుపులో ఇద్దరు కాపలావాళ్ళు కబుర్లు చెప్పుకుంటున్నారు. మసివాడు నిలబడ్డాడు. వాళ్ళు నవ్వుకున్నారు, ఒకడి చెప్పు తెగితే రెండోవాడు వెక్కిరించాడు, మెల్లిగా వెళ్ళిపోయారు. అప్పుడు మసివాడు చాటులోంచి బయటికి అడుగేశాడు. అతను ఆట అక్కడే ఆపి, లేచి, గదిలో అటూ ఇటూ నడిచాడు. ఆగాడు వీడు. ఆకలి ఆకలే, వణుకు వణుకే, అబద్ధం లేదు, తనకంటే ఎవరికి తెలుసు. కాని కాపలావాళ్ళు వెళ్ళేదాకా ఆగాడు. ఆగడం వాడికి చేతనవును.

రోడ్డు మీద బస్సు బుస్సుమని ఆగి మళ్ళీ కదిలింది. దుమ్ము సర్దుకున్నాక ఇద్దరు. చెల్లెలు భుజాన సంచీ, పక్కన చెల్లెలి భుజం దాకా వచ్చేసిన పిల్ల, ఉక్కకి జుట్టంతా నడినెత్తిన పోగేసి క్లిప్పు పెట్టుకుంది. మెడంతా బయటికే. అతను చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

“మామయ్యా! ఫోన్లో కంటే పొడుగున్నావేంటి?”

“ఫోన్లో ఎప్పుడూ కూర్చునే ఉంటాను కదమ్మా.”

“జలుబు తగ్గిందా?”

అతను చెల్లెలి వంక చూశాడు. చెల్లెలు ట్యాంకు వంక చూసింది. “కొంచెం,” అన్నాడు.

లోపల తను గోడ వైపు స్టూలు మీద కూర్చున్నాడు, బల్ల అవతల వాళ్ళిద్దరూ. టీ పోసి, బిస్కెట్ల పళ్ళెం ముందుకు జరిపి, చేతులు తొడల కింద పెట్టుకున్నాడు. మోటార్ల హోరు గోడలోంచి వస్తోంది. చెల్లెలు గ్లాసు అందుకుని, “ఆడావా?” అంది.

“రెండుసార్లు.”

“ఏం నొక్కావు?”

“నేనైతే చంపేసేదాన్ని,” అంది పిల్ల, బిస్కెట్టు టీలో ముంచుతూ.

“దీన్ని ఆడనివ్వలేదు,” అంది చెల్లెలు కంగారుగా. “నేను పని చేసుకుంటుంటే వెనక నిలబడి చూసేసింది.”

“ఎందుకు చంపుతావమ్మా?” అని అడిగాడు అతను.

“వాడు సారీ చెప్పలేదుగా. అంతమందిని చంపి, నాకు ఆకలి, నాకు ఆకలి అంటాడు. వాళ్ళ గురించి ఒక్క మాటైనా అన్నాడా?”

అతనికి నవ్వొచ్చింది. తను రెండుసార్లు ఆడి, ఎన్నాళ్ళో గది కొలిచి పట్టుకున్నదాన్ని ఇది టీలో బిస్కెట్టు ముంచుతూ పట్టేసింది. మెల్లిగా బజారు వీధి సంగతి చెప్పాడు. గుడ్డ పందిరి, కాపలావాళ్ళు, తెగిన చెప్పు. చెల్లెలి గ్లాసు గాలిలోనే ఆగింది.

“అది ఊరికే ఉత్కంఠ కోసం రాశాను,” అంది.

“నువ్వెందుకు రాసినా వాడు ఆగాడు చిట్టీ.”

“అయితే చంపెయ్యమంటావా?”

“చంపమని నేననలేదు. తప్పు వాడిదని చెప్పు. ఆ వాన కురిపించి అది కూడా కడిగెయ్యకు. అది తీసేస్తే వాడిది అంటూ ఇంకేం మిగల్దు.”

“విడుదల నెత్తి మీదికొచ్చింది. బటన్లు మార్చనివ్వరు. మాటలైతే మార్చుకోగలను. ఏం అనమంటావు వాణ్ణి?” అంది.

“ఆగగలిగేవాణ్ణి, ఆగలేదు. అలా అననీ. తరవాత క్షమిస్తారో మానేస్తారో ఆడేవాళ్ళ ఇష్టం.”

చెల్లెలు గ్లాసు దించింది. ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి, గొంతు మాత్రం చిన్నప్పుడు లెక్క తప్పు చేస్తే దెబ్బలాడే గొంతు. “సరే. చేసినవాడిది తప్పు. నువ్వన్నదే. మరి నువ్వేం చేశావని ఇక్కడ కూర్చున్నావు?”

అతను బిస్కెట్ల పళ్ళెం కేసి చూశాడు.

“చెప్పు. ఆగలేదని వాడికి శిక్షంటావు. ఆగినవాడికి కూడా ఇదే శిక్షా? నా పెళ్ళికి వాకిట్లోంచే వెళ్ళిపోయావు. దీన్ని ఒక్కసారి ఎత్తుకోలేదు. నువ్వు చెయ్యనిదానికి ఇన్నేళ్ళుగా నాకు అన్నయ్య లేడు. ఇది ఎవరి తప్పు?”

మోటారు ఒకటి ఆగి రెండోది అందుకుంది. ఏం చెప్పాలి? ఆపుకోవడం ఇల్లు కట్టినట్టు ఒకసారి అయిపోయే పని కాదని, ప్రతిసారీ పునాది నుంచి మొదలని, దూరంగా ఉంటే ఆ పని తేలిక కదా అని. అవును, తేలిక. ఆ మాట లోపల అనుకోగానే అతనికి సిగ్గేసింది. తను వీళ్ళని కాపాడుతున్నాననే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. కొంత నిజమే. మిగతాది, అమ్మ మొహంలో ఆ మధ్యాహ్నం చూసింది ఇంకొకరి మొహంలో చూడకుండా ఉండడానికి.

పెద్దవాళ్ళ మాటలు విసుగెత్తి పిల్ల లేచి, బల్ల చుట్టూ తిరిగి, అతని వెనక కిటికీ దగ్గరికి వచ్చింది. “మామయ్యా, ఆ ట్యాంకులో ఈదొచ్చా?” అని కిటికీ చువ్వల మీదికి వంగింది. తల తిప్పితే జానెడు దూరంలో సన్నటి మెడ, దాని మీద చెమటకి అంటుకున్న వెంట్రుకలు. తొడల కింద అరచెయ్యి చిమచిమలాడింది. వచ్చింది. బల్ల లేదు, పళ్ళెం లేదు, చెల్లెలు లేదు, మోత. లేచి బయటికి పోవచ్చు. గేజీ చూసొస్తానని పోవచ్చు, ఎప్పుడూ అలాగే పోతాడు. లోపలి గోడకి వీపు ఆనించాడు. గోడ ఉంది.

“చిట్టీ,” అన్నాడు. “వస్తోంది.”

పుట్టి బుద్ధెరిగాక ఆ మాట ఒక మనిషికి, అది వస్తున్న సమయంలో, చెప్పడం అదే మొదలు. చెల్లెలు కుర్చీలోంచి సగం లేచింది, మళ్ళీ తనని తాను కూడదీసుకుంది. “ఇటు రామ్మా,” అంది పిల్లతో, మామూలుగా. పిల్ల వెనక్కి తిరిగి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “ఏమైంది?”

చెల్లెలు చెప్పబోతుంటే అతనే చెప్పాడు. “నాకు అప్పుడప్పుడు ఒక చెడ్డ ఆలోచన వస్తుందమ్మా. మనుషులకి దెబ్బ తగిలించాలని. అలా ఎప్పుడూ చెయ్యలేదు. చెయ్యను. కాని అది పోయేదాకా నువ్వు అమ్మ పక్కన కూర్చో.”

పిల్ల వెళ్ళి కూర్చుంది. పరుగెత్తలేదు, అలాగని మామూలుగానూ నడవలేదు. అమ్మ చెయ్యి పట్టుకుని అతని మొహంలోకి చూసింది. అతను చూపు దించబోయి దించలేదు. అందులో భయం ఉంది, కాని భయం ఒక్కటే లేదు.

“ఎంతసేపుంటుంది?” అంది చెల్లెలు.

“తెలీదు. కాసేపు.”

“సరే. కూర్చుందాం.”

కూర్చున్నారు. గోడలో మోటారు, పళ్ళెం మీద వాలిన ఈగ, పిల్ల చెప్పు కుర్చీ కాలికి తగులుతున్న చప్పుడు. ఇన్నేళ్ళుగా అతను ఒంటరిగా దాటిన చోటు ఇది. ఇందులోకి ఎవరినీ రానివ్వలేదు, ఇందులో కూర్చోవడానికి జాగా ఉంటుందని కూడా అనుకోలేదు.

“పోయిందా?” అంది పిల్ల.

“ఇంకా లేదమ్మా.”

పిల్ల తలూపింది. ఒక బిస్కెట్టు తీసి సగం కొరికి, మిగతా సగం చేతిలోనే పట్టుకుని ఎదురుచూసింది. “ఇప్పుడు?”

అతను తన అరచెయ్యి కేసి, లోపలి కేసి, మెల్లిగా చూసుకున్నాడు.

“పోతోంది.”

“తొందరేం లేదులే,” అంది పిల్ల. “మా బస్సుకి ఇంకా బోలెడు టైముంది.”